మూటకో తవ్వ

మా భూమి ఉక్కు ఫ్యాక్టరీకి పోయాక విశాఖపట్నం వచ్చాం. మా ఆయన చనిపోయిన ఏడాది నేను పోర్టు గోదాములో చిరిగిన గోనెసంచులు కుట్టే పనిలో చేరాను. మేం అయిదుగురం ఆడవాళ్లం. ఓడ గోధుమలు దిగాక నేల మీద రాలిన గింజలు మమ్మల్ని ఊడ్చుకుపోనిచ్చేవారు. అయిదు మూటలు కట్టేవాళ్లం, మూటకి అయిదు తవ్వలు. అందులో ఒక మూట ఎప్పుడూ ఉప్పునీళ్లు తగిలినదే. అందుకని పుల్లలు వేసేవాళ్లం. పొట్టిపుల్ల తీసినావిడకి తడి మూట.

వరసగా మూడు ఓడలకి పొట్టిపుల్ల నాకే వచ్చింది. ఆ గోధుమలు తిని నా చిన్నదానికి విరేచనాలు పట్టుకున్నాయి.

"ఇలాగైతే నాను బతకనేను. అందరం కలిపి పంచుకుందాం," అన్నాను.

"పుల్ల తీసింది నీ సెయ్యి కాదేటే?" అంది మాలో పెద్దావిడ.

బస్తాల లెక్క రాసే సాయిబు గారు విన్నారు. పాతూరు మనిషి, తండ్రి ఓడల మీద పనిచేసినవాడు.

"ఆవరేజి అంటారే, ఎక్కడిదమ్మా ఆ మాట? అరబ్బీలో అవార్ అంటే సరుక్కి తగిలిన దెబ్బ. తుపానులో ఓడ తేలాలని ఒకడి సరుకు నీళ్లలో పారేస్తే, ఆ నష్టం సరుకున్నోళ్లందరూ తలా కొంత మోసేవారంట. ఆ పంపకం పేరే ఆవరేజి అయిందని మా నాన్న చెప్పేవాడు. బడిలో లెక్కలోళ్లకి అది తర్వాత దొరికింది."

"షావుకార్ల ఓడ ఊసు మనకేటి సాయిబూ!" అని పెద్దావిడ నవ్వేసింది.

నాలుగో ఓడకి నాకు పొడుగుపుల్ల వచ్చింది. పొట్టిది ఒక పసిబిడ్డ తల్లికి వచ్చింది. ఈసారి మంచి రొట్టె చేస్తానని నేను పిల్లలకి మాటిచ్చి వచ్చాను. పొడి మూట నెత్తిన పెట్టుకుని గేటు దాకా నడిచాను. అక్కడ ఆగిపోయాను. జాలి అని చెప్పను. వచ్చే ఓడకి మళ్లీ నాకే వస్తుందేమోనని భయం. వెనక్కి వచ్చి మూట దించాను.

"నాది ఇప్పీసినాను. మీవీ ఇప్పండి."

"ఓలమ్మో, పొడిది దొరికినాక ఇప్పుతావేటే? ఎర్రి గానీ పట్టిందా?" అంది పెద్దావిడ. అంటూనే తన మూట ముడి లాగింది.

అన్నీ కుప్ప పోయబోతే సాయిబు గారు ఆపారు. "కలిపితే పొడివి కూడా ముక్కిపోతాయమ్మా. మూటకో తవ్వ కొలుచుకోండి."

తలా నాలుగు పొడి తవ్వలు, ఒక తడి తవ్వ వచ్చాయి. ఆ తర్వాత మేం పుల్లలు వేయలేదు.

నా తడి తవ్వ కడిగి రేకు మీద ఎండబెట్టాను. ఉప్పు పోలేదు. ఆ రొట్టెలు నేను తిన్నాను. మిగతా నాలుగు తవ్వలూ పిల్లలకి.