పాడేవాళ్ల కోసం అడిగిన ఆల్బమ్

2023 మార్చి నెల. ఖమ్మంలో బట్టల దుకాణం పైనున్న నా రికార్డింగ్ స్టూడియోకి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. క్యాసెట్ల కాలంలో శ్రీరామనవమికి ముందు భద్రాచలం వైపు భజన మండళ్లు మా మెట్ల మీద వరుస కట్టేవి. సీడీలొచ్చాక జానపదాలు, క్రిస్మస్ ఆల్బమ్‌లు, బతుకమ్మ పాటలు, ఎన్నికలప్పుడు అన్ని పార్టీల పాటలూ ఆ గదిలోనే పుట్టాయి. పొద్దున ఒక పార్టీని ఆకాశానికెత్తిన గాయకుడే మధ్యాహ్నం టీ తాగొచ్చి ఇంకో పార్టీని ఎత్తేవాడు. రాముడి పాటైనా యేసయ్య పాటైనా నా మైకు ముందు శ్రుతిలో ఉండాల్సిందేనని గొప్పలు పోయేవాణ్ణి. పని వచ్చినవాడి గొప్పే అది, ఉత్తుత్తిది కాదు.

ఆ నెలలో టేకులపల్లి దగ్గరి పల్లె నుంచి సుగుణమ్మ వచ్చింది. అంగన్‌వాడీ టీచరు. తోడుగా వాళ్ల చర్చి పెద్ద యేసురత్నం వచ్చాడు.

"గొంతుల గడ్డ లేసింది సార్. వచ్చే సోమవారం హైదరాబాద్‌ల ఆపరేషన్. మళ్ల గొంతు గిట్లనే ఉంటదని డాక్టర్లు గ్యారంటీ ఇస్తలేరు. నేను కట్టిన పాటలు ఎనిమిదున్నయ్. గొంతు ఉన్నప్పుడే రికార్డుకెక్కియ్యాలె. మా సంఘం పాడుకుంటది" అంది. సంఘం అంటే వాళ్ల చర్చికి వచ్చే జనం. ఆ చివరి మాట నా చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు.

ఆమెను బూత్‌లో, అంటే బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో నిలబెట్టాను. చెవులకు హెడ్‌ఫోన్, అందులో క్లిక్. తాళం తప్పకుండా టిక్కుటిక్కుమంటూ నడిపించేది క్లిక్. సుగుణమ్మ మొదటి లైను పాడి ఆగిపోయింది.

"మర్చిపోయిన్రా అమ్మా?"

"లేదు సార్. ఆగిన."

"ఆగొద్దు. మధ్యల ఖాళీ వస్తే వినెటోళ్లు ఫోన్ల ఇంకో పాటకు పోతరు. ఏకధాటిగ పాడున్రి."

ఆమె బూత్ అద్దంలోంచి బయటున్న యేసురత్నం వైపు చూసింది. సార్‌కు తెలుసులే అన్నట్టు ఆయన తలూపాడు. ఇక ఆమె నేను చెప్పినట్టే, ఒక లైను తోక మీద ఇంకో లైను తల పెట్టి ఎనిమిది పాటలూ పాడింది. తర్వాత మూడు రోజులు కూర్చుని కీబోర్డు, తబలా, వేణువు చేర్చాను. ఆ మిక్సింగ్ బాగుందని ఇప్పటికీ అంటాను.

శుక్రవారం ఇద్దరూ వినడానికి వచ్చారు. మొదటి పాట పెట్టాను. యేసురత్నం కళ్లు మూసుకుని వింటూ, మొదటి లైను అయిపోగానే అలవాటు కొద్దీ అదే లైను తను అందుకున్నాడు. రెండు మాటలు అన్నాడో లేదో, స్పీకర్లోంచి సుగుణమ్మ రెండో లైను ఆయన మీదుగా వెళ్లిపోయింది. ఆగాడు. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అంతే.

"బస్సు స్టేజీల ఆగకుండనే పోతాంది సార్" అని నవ్వాడు. నేనూ నవ్వాను. సుగుణమ్మ నవ్వలేదు.

"మ్యూజిక్ మస్తుగుంది సార్. కానీ మావోళ్లు పాడే జాగా ఏది?"

నాకు అర్థం కాలేదు. ఆమె నిదానంగా చెప్పింది. "మా సంఘంల సగం మందికి చదువు రాదు. పాటల పుస్తకం పట్టుకోరు. నేనొక లైను ఎత్తుత, వాళ్లు అదే లైను అందుకుంటరు. పాట అట్లనే నడుస్తది. రేపు నా గొంతు పోతే మీరిచ్చే పెన్ డ్రైవే ఎత్తాలె. ఇది వినెటోళ్లకు బాగుంది. నేను పాడెటోళ్లకు అడిగిన."

"ముందే చెప్పొచ్చు గదమ్మా" అన్నాను. తప్పు చేసినవాడి నోట మొదట వచ్చే మాట అదే.

"ఆగిన గద సార్. మీరే వద్దన్నరు."

పాటను మళ్లీ కంప్యూటర్‌లో తెరిచాను. కత్తిరించి మధ్యలో ఖాళీ పెడదామంటే లైనూ లైనూ అతుక్కుని ఉన్నాయి. పైగా ఎంత ఖాళీ పెట్టాలి? అడిగితే, "వాళ్లయిపోయేదాక" అంది. ఆ లెక్క నా క్లిక్‌లో లేదు. ఆదివారం ఆమె హైదరాబాద్ బయలుదేరాలి. మిగిలింది ఒక్క శనివారం. సంఘాన్ని పొద్దున్నే చర్చిలో కూర్చోబెట్టమని యేసురత్నంతో చెప్పాను.

శనివారం పొద్దున్నే లాప్‌టాప్, రెండు మైకులు మోటార్ సైకిల్ మీద కట్టుకుని వాళ్ల ఊరు వెళ్లాను. రేకుల చర్చి, బయట కోళ్లు, చాపల మీద ఓ ముప్పై మంది. ఫ్యాన్లు ఆపించాను. సుగుణమ్మ నోటికి దగ్గరగా మైకు పెట్టాను. హెడ్‌ఫోన్ లేదు, క్లిక్ లేదు. ఆమె ఎత్తింది, వాళ్లు అందుకున్నారు. బూత్‌లో వినపడని నిబ్బరం ఆ గొంతులో వినపడింది.

ఆరో పాటలో గొంతు పట్టేసింది. లైను సగంలో తెగిపోయింది. ఆమె చెయ్యి మెడ మీదికి వెళ్లింది, నా వేలు స్టాప్ బటన్ మీదికి వెళ్లింది. ఈలోపే సంఘం ఆ లైనును అందుకుని ముగించింది. ముగించి ఊరుకోలేదు, మళ్లీ మొదటి నుంచి అదే లైను పాడింది. మూడోసారి, నాలుగోసారి. ఎవరూ ఆమె వైపు కంగారుగా చూడలేదు, ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. ఒక ముసలమ్మ పాడుతూనే నీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది. సుగుణమ్మ తాగి, ఊపిరి తీసుకుని, తర్వాతి లైను ఎత్తింది. నాకు కళ్లు చెమర్చాయి. ఇలాంటి మనిషిని చిన్న గదిలో ఒంటరిగా నిలబెట్టి ఆగొద్దన్నానే అని సిగ్గేసింది. ఆ చోట నేను కత్తెర పెట్టలేదు, పెట్టమన్నా పెట్టేవాణ్ణి కాదు.

ఆదివారం బస్సెక్కేలోపు పెన్ డ్రైవ్ ఆమె చేతికి చేరింది. వాయిద్యాలేమీ లేవు. ఇన్నేళ్లలో నా స్టూడియో పేరు మీద అంత బోడిగా వెళ్లిన ఆల్బమ్ అదొక్కటే. నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. ఇప్పుడు ఎవరొచ్చినా మైకు ముట్టుకోకముందే, ఇది వినేవాళ్లకా పాడేవాళ్లకా అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు, చూడనీ.

రెండు నెలలకు ఫోనొచ్చింది. బొంగురు గొంతు, ఎవరో పోల్చుకోలేకపోయాను. "సుగుణమ్మను సార్" అంది. ఆపరేషన్ బాగానే అయిందట, గొంతు మాత్రం పైకి లేవడం లేదట. అయ్యో అమ్మా అన్నాను.

"బాధపడకున్రి సార్. మొన్న ఆదివారం పెన్ డ్రైవ్ పెట్టిన్రు. నేను పోయి ఆడోళ్ల నడుమ చాప మీద కూసున్న. ఇరవై ఏండ్లల నాకు అందుకునే వంతు ఎన్నడు రాలే సార్. మొన్న వచ్చింది. చిన్నగనే అయినా కడుపునిండ పాడిన."