ఎస్తేరుకి వచ్చిన సీటు

పదమూడేళ్ళుగా ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయనకి చెప్పలేదు. మా అమ్మ పోయేముందు చెబుదామనుకున్నాను, మందు పట్టి లేచి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఇదేదో ధైర్యం అనుకోకండి. ధైర్యమే ఉంటే, చెప్పాల్సిన మనిషి వేరే ఉంది.

నేను ప్రభుత్వ బళ్ళో టీచర్ని. తొంభైల్లో నన్ను గోదావరి మధ్యన ఉన్న ఒక లంకకి వేశారు. పాలకొల్లులో బస్సెక్కి రేవు దాకా, రేవులో పడవెక్కి లంక దాకా. ఒక గది, ఒక వరండా, ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం. గదిలో హెడ్ మాస్టారు నాలుగు, ఐదు చెప్పేవారు. వరండాలో మిగతా మూడూ నావి. నల్లబల్ల గదిలోనే ఉండేది. నాకు వరండా గోడకి నలుపు పూసిన ముక్క ఒకటి. జల్లు కొడితే అందరం గదిలోకి దూరేవాళ్ళం, ఆయన లెక్కలూ నా పద్యాలూ కలిసిపోయేవి. పుస్తకాలు దసరాకి గాని వచ్చేవి కావు. సుద్దముక్కలు దసరాకే అయిపోయేవి. నవ్వొస్తోంది కదూ? మేమూ నవ్వుకునేవాళ్ళం. ఎవరినీ అడక్కుండా నవ్వుకుని ఊరుకోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే అనుకునేవాళ్ళం.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. బడికి రెండో టీచరు ఉండాలంటే నలభై మంది పిల్లలుండాలని మాకు చెప్పేవారు. దాన్ని స్ట్రెంగ్తు అనేవాళ్ళం. ఒక్కరు తగ్గినా రెండో పోస్టు ఎత్తేస్తారు. రెండో పోస్టు అంటే నేనే. ఏటా బడి తెరిచాక మండలం నుంచి ఆఫీసరు వచ్చి తలలు లెక్కపెట్టేవాడు. అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకి పోయిన పిల్లల పేర్లు కూడా రిజిస్టర్లో ఉండేవి. అందుకని ఆ రోజుకి అంగన్‌వాడీలో కాస్త పొడుగ్గా ఉన్నవాళ్ళని తెచ్చి ఒకటో తరగతిలో కూర్చోబెట్టేవాళ్ళం. ఒక ఏడాది హెడ్ మాస్టారి మనవడు సెలవులకి వచ్చి, ఎవడిదో పేరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అన్నాడు. అది తప్పని ఎవరికీ అనిపించలేదు. చుట్టుపక్కల బళ్ళన్నీ అలాగే నడిచేవి.

ఎస్తేరు మూడో తరగతి దాకా నా వరండాలోనే చదివింది. చర్చి వెనక పాక వాళ్ళది. తండ్రి కొబ్బరి దింపు తీసేవాడు, తల్లి శాంతమ్మ కూలికి వెళ్ళేది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూ ఉండే పిల్ల. పొద్దున నేను పడవ దిగేసరికి రేవులో నిలబడి ఉండేది. నా క్యారేజీ అందుకుని ముందు నడిచేది. బడికి రాని పిల్లల్ని ఇళ్ళకి పోయి లాక్కొచ్చేది కూడా తనే.

నాలుగో తరగతి పిల్లలకి గురుకులంలో చేరడానికి పరీక్ష పెడతారు. సీటు వస్తే ఐదు నుంచి పది దాకా అక్కడే ఉండొచ్చు. తిండి, బట్ట, పుస్తకం, తరగతికో టీచరు. ఎస్తేరు చేత ఆ పరీక్ష రాయించింది నేనే. ఎవరూ అడగలేదు. సగం పేజీలు పోయిన పాత గైడు ఒకటి దొరికితే, పాత క్యాలెండర్ల వెనక ప్రశ్నలు రాసి మూడు నెలలు సాయంత్రం పడవ దాకా కూర్చోబెట్టి చెప్పాను. పరీక్ష రోజు నా చేత్తో జడ వేశాను. ఇదంతా ఎందుకు చెబుతున్నాను? నేను మొదటినుంచీ చెడ్డదాన్ని కానని మీచేత అనిపించుకోవాలనా? అదే అయ్యుంటుంది. ఇంకా ఆ ఆశ చావలేదు నాలో.

జూలైలో ఒక సోమవారం, రేవులో పోస్టుమాన్ నా చేతికి కవరు ఇచ్చాడు. హెడ్ మాస్టారి పేరు మీద ఉంది. ఆయన ఆ వేళ మండలం మీటింగుకి వెళ్ళారు. పడవలో కూర్చుని విప్పాను. ఎస్తేరుకి సీటు వచ్చింది. పదిహేను రోజుల్లోగా సర్టిఫికెట్లతో వచ్చి చేరకపోతే సీటు ఇంకొకరికి ఇస్తామని రాశారు.

నాకు ఎంత సంతోషం వేసిందో! పడవ నడిపే ఆయనకి చెప్పబోయాను కూడా. ఇది మాత్రం నిజం, నమ్మండి.

అంతలోనే గుర్తొచ్చింది. గురువారం ఆఫీసరు వస్తున్నాడు. ఆ ఏడాది కొత్తాయన. ఒక్కొక్కరిని లేపి పేరూ, తండ్రి పేరూ అడుగుతాడట, అంగన్‌వాడీ పిల్లలు పనికిరారు. ఎలాగో నానా తంటాలు పడి, బట్టీల నుంచి కొందర్ని రప్పించి, సరిగ్గా నలభై మందిని చేశాం. ఎస్తేరుకి టీసీ ఇస్తే ముప్ఫై తొమ్మిది. పోస్టు పోతే నన్ను ఏజెన్సీ వైపు వేస్తారని అప్పటికే ఆఫీసులో అనుకుంటున్నారు. మా బాబుకి మూడేళ్ళు. పాలకొల్లులో మా అమ్మ దగ్గర వదిలి వస్తున్నాను. వాణ్ణి తీసుకుని ఎక్కడికని పోను?

మూడు రోజులే కదా అనుకున్నాను. గురువారం ఆయన లెక్క చూసుకుని వెళ్ళగానే శుక్రవారం కవరు ఇచ్చేద్దాం. పదిహేను రోజుల్లో మూడు పోతే ఏమవుతుంది? కవరు సంచిలో పెట్టుకున్నాను.

పడవ దిగాను. క్యారేజీ అందుకుంటూ ఎస్తేరు అడిగింది, "ఉత్తరం ఏవైనా వచ్చిందాండి?"

"ఇంకా రాలేదమ్మా" అన్నాను.

సంచి నా భుజానికే ఉంది. ఆ పిల్ల నా ముందు గెంతుకుంటూ నడుస్తోంది.

గురువారం ఆఫీసరు రాలేదు. వచ్చే వారం అన్నారు. వచ్చే వారానికి గోదావరికి ఎర్రనీరు తగిలింది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని రేడియోలో విన్నాను. పడవలు ఆపేశారు. లంకలో వాళ్ళని ఏటిగట్టు మీదకి తరలించారు. నేను పాలకొల్లులో ఇంట్లో ఉన్నాను. బాబుకి అన్నం తినిపిస్తున్నాను. కవరు బీరువాలో చీరల కింద ఉంది. ఆ పిల్ల గట్టు మీద టార్పాలిన్ పరదా కింద ఉంది. పదిహేను రోజులూ అలాగే గడిచిపోయాయి.

వరద తప్పు కదా అని మీరనొచ్చు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. కానీ ఆలోచించండి. ఆ కవరు పట్టుకుని గట్టు మీదకి వెళ్ళి ఉంటే? పిల్లని వెంటబెట్టుకుని గురుకులానికి వెళ్ళి, అయ్యా, లంక మునిగిపోయింది, అందుకే ఆలస్యమైంది అని చెప్పుకుని ఉంటే? వరద సంగతి జిల్లా అంతా తెలుసు. కాదనేవారు కాదు. వాళ్ళూ మనుషులే. అది నాకు అప్పుడే తట్టింది. ఇన్నేళ్ళ తర్వాత తెలిసొచ్చింది కాదు, అప్పుడే, ఆ బీరువా ముందు నిలబడే తట్టింది. అయినా వెళ్ళలేదు. ఎందుకంటే ఆఫీసరు ఇంకా రాలేదు. లెక్క ఇంకా కాలేదు.

బడి తెరిచిన రోజు వరండా నిండా ఒండ్రు. పిల్లలు కొబ్బరి మట్టలతో గీరి ఎత్తిపోస్తున్నారు. ఎస్తేరు చేతులు కడుక్కుని నా దగ్గరికొచ్చింది. ఈసారి ఉత్తరం గురించి అడగలేదు. నేనే అన్నాను.

"నీకు సీటు రాలేదమ్మా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఎన్ని మార్కుల్లో పోయిందండీ?" అంది.

ఆ ప్రశ్న వస్తుందని నేననుకోలేదు. నోటికొచ్చింది చెప్పేశాను. "రెండు."

"రెండేనాండీ?" అని వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "ఆ తొట్టిలో నీళ్ళ లెక్కయ్యుంటదండి. చెరిపేసి మళ్ళీ రాశాను. ముందు రాసిందే రైటేమోనండి."

లెక్క రైటే చేసిందని నాకు తెలుసు. అన్నీ రైటే చేసింది. తలూపాను. అవునమ్మా, అదే అయ్యుంటుంది అన్నాను. మీకు ఇదంతా చెప్పడానికి కూర్చున్నప్పుడు అన్నిటికంటే భయపడింది ఈ మాట దగ్గరే. సీటు తీసేసుకోవడం ఒక ఎత్తు. తొమ్మిదేళ్ళ పిల్ల, తన తప్పు వల్లే పోయిందనుకుంటుంటే, అవును నీ తప్పే అనడం ఇంకో ఎత్తు. ఎలా అన్నాను? ఏ నోటితో అన్నాను?

మర్నాడు శాంతమ్మ వచ్చింది. సీటు వస్తే ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెబుతానని మొక్కుకుందట. శుక్రవారాలు ఉపవాసం ఉందట. "మీరు చాలా కష్టపడ్డారండి. దేవుడి చిత్తం అలాగుంది, ఏం చేస్తాం" అంది. నేను వాళ్ళ చర్చికి వెళ్ళేదాన్ని కాను, వాళ్ళ దేవుడి సంగతి నాకేం తెలుసు? అయినా నా పని ఆయన నెత్తిన పడుతుంటే అడ్డం చెప్పలేదు. ఆమె వెళ్ళేముందు కొబ్బరికాయలు రెండు పెట్టి వెళ్ళింది. అవి ఇంటికి తీసుకెళ్ళాను. పచ్చడి చేశాను. తిన్నాం.

ఆఫీసరు ఆగస్టులో వచ్చాడు. నలభై తలలూ లెక్కపెట్టాడు. ఎవరైనా చదవండి అంటే హెడ్ మాస్టారు ఎస్తేరుని లేపారు. గడగడా చదివింది. ఆయన ముచ్చటపడి, టీచరు కృషి మెచ్చుకోదగ్గదని విజిట్ బుక్కులో రాశాడు. నా పోస్టు నిలబడింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కవరుని నీళ్ళ పొయ్యిలో పెట్టాను.

పోస్టు పోతే మిగతా ముప్ఫై తొమ్మిది మందీ ఒక్క టీచరు చేతిలో పడేవాళ్ళు కదా, వాళ్ళ కోసమే చేశాను అని కూడా ఒకప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. బాగుంటుంది వినడానికి. రెండేళ్ళకి ట్రాన్స్‌ఫర్ దొరకగానే ఆ ముప్ఫై తొమ్మిది మందినీ వదిలేసి పాలకొల్లు వచ్చేశాను. నా తర్వాత ఆ పోస్టులోకి చాలాకాలం ఎవరూ రాలేదని విన్నాను. మరి ఎవరి కోసం చేసినట్టు? నా కోసం. మా బాబు కోసం. వాడికి టౌన్లో మంచి కాన్వెంటు దొరికింది. నేను చెప్పే బడికి వాణ్ణి పంపాలని ఏనాడూ అనుకోలేదు. అది కూడా చెప్పేస్తున్నాను.

మొన్న జూన్‌లో అడ్మిషన్లు రాస్తుంటే ఒకామె చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. కళ్ళు లోతుకు పోయాయి. ఒంటి మీద సింథటిక్ చీర.

"గుర్తుపట్టారాండి? ఎస్తేరునండి, లంకలో మీ దగ్గర చదివాను" అంది.

కూర్చోమన్నాను. ఆరుకీ ఏడుకీ పడవ దాటి వెళ్ళిందట. వానాకాలం నెలల తరబడి పడవ ఉండేది కాదట. ఏడు తర్వాత ఆపేసి రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనిలో చేరింది. పెళ్ళి, ఈ పిల్ల. ఇప్పుడు కువైట్ వెళ్తోంది, ఒక ఇంట్లో పనికి. మళ్ళీ రెండేళ్ళకి గాని రాదు. శాంతమ్మ ఇక్కడే పాలకొల్లులో అద్దెకుండి మనవరాలిని చూసుకుంటుంది.

"మీరిక్కడున్నారని తెలిసి వచ్చానండి. కాన్వెంటులో వెయ్యమన్నారు అందరూ. నేనే వద్దన్నాను. మీ చేతుల్లో పెడితే నాకు బెంగుండదండి" అంది.

చెప్పాలి. అప్పుడే చెప్పాలి. ఎదురుగా కూర్చుంది, మూడు రోజుల్లో విమానం ఎక్కుతుంది. చెప్తే ఏమవుతుంది? ఆ ఇంటివాళ్ళ గిన్నెలు తోముతూ రెండేళ్ళూ అదే తలుచుకుంటుంది. చెప్పకపోతే? అది ఆమె మీద జాలా, నా మీద నాకు జాలా? ఈ ప్రశ్నకి నాకు ఇప్పటికీ జవాబు తెలియదు. తెలియదంటున్నానే గాని, తెలుసేమో కూడా.

ఫారం తీశాను. పిల్ల పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు. నాలుగో గడి, తల్లి చదువు.

"ఏడండి" అంది, కాస్త సిగ్గుపడి.

ఏడో తరగతి అని రాశాను. అక్షరాలు గుండ్రంగానే పడ్డాయి. ఇన్నేళ్ళ అలవాటు. ఎందుకు ఆపేసిందో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. ఉన్నా రాసేదాన్ని కాదు. ఆమె ఎదురుగానే సంతకం పెట్టి, ముద్ర వేసి, పిల్లని తీసుకెళ్ళి మొదటి వరసలో కూర్చోబెట్టాను. ఎస్తేరు గుమ్మంలోంచి నాకు దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఆమె వెళ్ళి నాలుగు నెలలైంది. తిరిగొచ్చాక చెబుతానని మీతో అనను. నా మాట నేనే నమ్మను. ఇవాళ మీతో ఒక్కటి మాత్రం అనగలిగాను, ఇన్నేళ్ళలో మొదటిసారి. ఎస్తేరు చదువు ఆపింది గోదావరి కాదు, రెండు మార్కులు కాదు, దేవుడు కాదు. నేను.