అక్క నింపిన డ్రమ్ములు

మా వీధిలో మా తోడికోడల్ని గోడౌనమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. ఆవిడ ముందు మాత్రం బుద్ధిగా అక్కా అనే పిలుస్తాను. పై వాటాలో ఆవిడా బావగారూ, కింది వాటాలో మేమూ.

అక్క బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకెట్లకు సీలు వేస్తుంది. గాలి చొరబడకపోతే లోకంలో ఏదీ చెడిపోదని ఆవిడ గట్టి నమ్మకం. వెనకటి వరదలో అందరం డాబా మీద కూర్చుని ఒక్క బ్రెడ్డు పంచుకు తిన్నాం. నీళ్లు దిగాక ఆ సంగతి మేం మరిచిపోయాం, అక్క మరవలేదు. పడగ్గదిలో సగం ఖాళీ చేయించి అరలు కొట్టించింది. బియ్యం, పప్పులు, పాలపొడి, చక్కెర, డబ్బాల్లో బిస్కెట్లు. కొత్త సరుకు వెనక్కి వెళ్తుంది, పాతది ముందుకొస్తుంది, ముందుకొచ్చిందే తినాలి. ఎప్పుడు వెళ్లినా రేపో మాపో గడువు తీరిపోయే బిస్కెట్లే మా మొహాన కొట్టేది.

పై వరండాలో నీలం డ్రమ్ములు వరసగా ఉండేవి. నెలకోసారి వాటిని ఖాళీ చేసి, తోమి, మళ్లీ నింపాలి. బకెట్లు మోసేది నేనే కాబట్టి నా నోరు ఊరుకునేది కాదు.

"ఎవరితో అక్కా యుద్ధం?"

"నవ్వవే, నవ్వు. దాహమేస్తే నా గుమ్మానికే వస్తావు."

తర్వాత బావగారి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించాలి. ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు కనుక తాగేది కొలిచి తాగాలి. ఇంటి నిండా నీళ్లు పెట్టుకుని అక్క ఆయనకు గుక్కలు లెక్కపెట్టి పోసేది. "చూడమ్మాయ్, చెరువు పక్కన కూర్చోబెట్టి నన్ను ఎండబెడుతోంది మీ అక్క" అని నాతో వేళాకోళమాడేవారు ఆయన.

ఒకసారి మిషన్ దగ్గరుండే అబ్బాయిని అక్క అడిగింది. "వానలు రాకముందే నాలుగుసార్లు ఎక్కువ చేసేస్తే, తర్వాత కొన్నాళ్లు రాకపోయినా సరిపోతుందా బాబూ?"

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ అబ్బాయి నవ్వలేదు.

"అది దాచుకునేది కాదమ్మా. ముంపు వచ్చేలా ఉంటే మేమే ఫోన్ చేస్తాం. ఉన్నపళంగా తీసుకొచ్చెయ్యండి, మర్నాడిది ముందే చేసేస్తాం."

అన్నట్టే వానాకాలంలో ఒకరోజు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆ పొద్దున్నే అక్క డ్రమ్ములన్నీ తోమి బోర్లించింది. కుళాయి వచ్చేది సాయంత్రం.

"డ్రమ్ములు ఖాళీగా ఉన్నాయి బాబూ. రేపు తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉంటాం" అంది ఫోన్లో.

"నింపుకోనీ, నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అన్నారు బావగారు. ముందు ఆసుపత్రికి వెళ్దామని మాలోనూ ఎవరం అనలేదు. అంచుల దాకా నింపాం. అక్క మూతలు బిగించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "వరద కాదు, దాని తాతొచ్చినా భయం లేదు" అంది.

తెల్లారేసరికి మా వాటా మునిగింది. పిల్లల్ని చంకనేసుకుని పైకి పరిగెత్తాం. పక్కిళ్లవాళ్లూ డాబాలు దాటుకుంటూ వచ్చారు. అక్క అందరికీ వండి పెట్టింది, అందరికీ నీళ్లు పోసింది. గోడౌనమ్మా అని వెక్కిరించిన నోళ్లే నువ్వు చల్లగా ఉండాలి తల్లీ అన్నాయి. ఆవిడ ఏదీ విననట్టే ఉంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే అక్కడ మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కు లేదు. తర్వాత మోగడమూ మానేసింది.

రోజులు గడిచేకొద్దీ బావగారి కాళ్లు ఉబ్బాయి, తర్వాత మొహం. పడుకుంటే ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చున్నారు. "ఒక్క గుక్కే" అని అడిగేవారు. అక్క తడిగుడ్డతో ఆయన పెదాలు అద్ది, వరండాలోకి వెళ్లి నిలబడేది. నాకు ఏం చెయ్యాలో తోచక పిల్లల్ని కసురుకున్నాను.

చివరికి ఒక పడవ వచ్చింది. అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు తెచ్చారు.

"ఇవన్నీ నా దగ్గరున్నాయి నాయనా! ఈయన్ని తీసుకెళ్లండి" అంది అక్క.

"ఎక్కడికమ్మా? ఆసుపత్రి కింది అంతస్తంతా నీళ్లే. మిషన్లు మునిగిపోయాయి. అవతలి ఊరి ఆసుపత్రి దాకా వెళ్లాలంటే ఈ చిన్న పడవ వరదకు ఆగదు. పెద్దది పంపమని చెబుతాం." వాళ్ల తప్పేమీ లేదు. ఇవ్వాల్సిన సీసాలు మాకిచ్చి వెళ్లిపోయారు.

పెద్ద పడవ కోసం చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. బావగారు నీళ్లు అడగడం మానేశారు. అక్క ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. లేచి వెళ్లి, డ్రమ్ము మూత తీసి, చెంబు నిండా ముంచుకొచ్చి ఆయన నోటికి అందించింది.

"అక్కా, ఏంటా పని!" అని అరిచాను. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు. ఇక కొలిచి పొయ్యాల్సిన పని లేదని అప్పుడు అర్థమైంది నాకు.

బావగారు ఆగి ఆగి, చెంబెడూ తాగారు. "ఎంత చల్లగా ఉన్నాయే" అన్నారు.

"ఇంకా ఉన్నాయండీ, తాగండి" అంది అక్క.