నేను అనుమానించని తంబురా

ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో కొలత పరికరాలను సరిచూసే పని నాది. మీటరు నిజం చెబుతోందా, అబద్ధం చెబుతోందా తేల్చి దాని మీద చీటీ అంటించేవాణ్ణి. ఆ పనిలో చేరినవాడికి మొదటి రోజే ఒక మాట చెబుతారు: దేనితో పోల్చి చూస్తున్నావో ముందు దాన్ని పరీక్షించు. రిటైరయ్యాక నాచారంలో మా ఇంటి వెనక గది గోడలకు నల్ల స్పాంజి అంటించి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాను. ఆ మాటను మాత్రం పాత ఆఫీసులోనే వదిలేసి వచ్చాను.

ఇప్పుడు నాచారంలో, ఉప్పల్‌లో ఇలాంటి గదులకు కొదవ లేదు. పాడటం రాదు, వాయించడం రాదు. అయినా వీణ, వేణువు, మృదంగం అన్నిటినీ కంప్యూటర్‌లోకి దించుకుని సంగీత దర్శకులమై కూర్చుంటాం. వీటిని ప్లగిన్లంటారు. వాద్యం ఉండదు, దాని శబ్దం ఉంటుంది. మీట నొక్కితే పలుకుతుంది. పలకనప్పుడు మా పాండిత్యం చూడాలి. తీసేసి మళ్లీ ఎక్కించన్నా. సౌండ్ డ్రైవర్ మార్చన్నా. కంప్యూటరే కొత్తది తీసుకో అన్నా. మా వాట్సాప్ గ్రూపులో ఏ జబ్బుకైనా ఈ మూడే మందులు. అందరికంటే ఎక్కువ పంచింది నేనే.

ఉప్పల్‌లో పిల్లలకు సంగీతం చెప్పే టీచరుగారు ఒకావిడ షేర్ ఆటోలో నా గదికి వచ్చారు. అరవై దాటిన మనిషి. రైల్వే ఉద్యోగం చేసే భర్తతో కోస్తా నుంచి వచ్చి, ఆయన పోయాక కూడా కొడుకూ కోడలితో ఇక్కడే ఉండిపోయారు. సరళీ వరుసలు పాడి రికార్డు చేసి పంపితే పిల్లలు ఇంట్లో సాధన చేసుకుంటారని ఆమె ఆలోచన. తోడుగా ఒక శిష్యురాలి తల్లి వచ్చింది.

చెవుల్లో తంబురా ప్లగిన్ వినిపించి పాడమన్నాను. ఆమె కళ్లు మూసుకుని అందుకున్నారు. తెర మీద శ్రుతి చూపించే మీటరు ఉంది. ఆమె ఏ స్వరం పాడినా ముల్లు గీతకు కిందే నిలబడింది.

"కొంచెం కింద పలుకుతున్నారండీ," అన్నాను.

"తంబురాతోనే కలుపుతున్నాను అన్నయ్యగారూ."

మళ్లీ పాడించాను. మళ్లీ కిందే. నాలో పరికరాల డాక్టరు లేచాడు. మైకు మార్చాను, మైకు తీగ మార్చాను. ప్లగిన్‌ను మూడుసార్లు తీసేసి మూడుసార్లు ఎక్కించాను. ఎక్కించిన ప్రతిసారీ నేను ముందే దాచుకున్న నా సొంత సెట్టింగునే తెరిచాను. చివరికి సాఫ్ట్‌వేర్‌తో ఆవిడ గొంతును బలవంతంగా గీత మీదికి లాగాను. అప్పుడది తంబురాతో పోట్లాడింది. వినిపిస్తే ఆమె హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టారు.

"ఇది నా గొంతు కాదండీ. ఇంట్లో నా శ్రుతిపెట్టెతో బాగానే కలుస్తోంది."

అప్పుడన్నాను. నవ్వుతూ అన్నాను. "ఆ డబ్బాకూ మీ చెవికీ వయసైపోయింది టీచరుగారూ. యంత్రం అబద్ధం చెప్పదు కదా."

పక్కనున్న తల్లి తల దించుకుంది. టీచరుగారు చెంగు భుజం మీదికి సర్దుకుని, "అంతేనేమో లెండి," అని లేచారు.

రెండు నెలలకు ఆ తల్లి కూరగాయల బండి దగ్గర కనిపించింది. "టీచరమ్మ క్లాసు బంద్ జేసింది అన్నా. శ్రుతి ఇనబడని చెవితోని పిల్లలకు తప్పు నేర్పిస్తనేమో అని భయపడుతున్నది. మీరే అంటిరి గదా." నేనేమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది. మంచి పని చేసిందిలే అన్నాను. టమాటాలు ఏరుకుంటూ అన్నాను.

ఆ వారమే కొత్తగా ఒక వేణువు ప్లగిన్ తెచ్చుకున్నాను. తంబురాతో కలిపితే చెవులు చిల్లులు పడేంత అపశ్రుతి. ఇంకేముంది, తయారుచేసినవాళ్లకు ఉత్తరం మొదలుపెట్టాను. ఇలాంటి చెత్తను అమ్మడానికి సిగ్గుండాలి అన్న ధోరణిలో రెండు పేరాలు సాగింది. సాక్ష్యంగా మీటరు బొమ్మ జతచేద్దామని వేణువును కొలిచాను. ముల్లు నిటారుగా గీత మీద నిలబడింది. ఎక్కడో పొరపాటు ఉందని తంబురాను కొలిచాను. ముల్లు గీతకు కింద వాలిపోయింది. టీచరుగారు పాడినప్పుడు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే.

తంబురాను కొలవడం అదే మొదటిసారి.

దాన్ని దించింది దెయ్యం కాదు, నేనే. లోకమంతా ఆధార స్వరాన్ని సెకనుకు 440 కంపనాల దగ్గర పెట్టుకుంటే, 432 దగ్గర పెడితే విశ్వంతో లయ కలిసి మనసుకు శాంతి కలుగుతుందని ఒక వీడియోలో ఎవడో గడ్డం సవరించుకుంటూ చెప్పాడు. కొలతలతో జీవితం గడిపిన నేను దాన్ని నమ్మి, మీట తిప్పి, ఆ సెట్టింగును దాచి, మరిచిపోయాను. టీచరుగారు నా తప్పుడు తంబురాతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపారు. అంత బాగా కలిపారు కాబట్టే నా మీటరులో తప్పారు.

మర్నాడు పొద్దున్నే ఉప్పల్ వెళ్లాను. ఆమె వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. కూర్చోకుండానే అంతా చెప్పాను. ప్లగిన్ గురించి ఎక్కువ చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

"అంటే నా చెవి బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ. నాదే లేదు."

ఈనె తీసిన కాయను గిన్నెలో వేశారు. "రెండు నెలలు కుక్కరు ఎన్ని కూతలు వేసిందో కూడా కోడల్ని అడిగి నమ్మాను అన్నయ్యగారూ," అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

క్షమించమన్నాను. "నాకు చెప్పారు, సరే. ఆ రోజు నాతో వచ్చిన పాప తల్లి ముందు అన్నారు కదా, ఆవిడకీ చెప్పండి. పిల్లలందరి ఇళ్లకూ వెళ్లి చెప్పండి. నా చెవి బాగుందని నేనే చెప్పుకు తిరిగితే ఏం బావుంటుంది?"

ఎనిమిది ఇళ్లు. ఒక్కో గుమ్మంలో నిలబడి, తప్పు టీచరుగారిది కాదు, నాది అని చెప్పాను. మొదటి రెండిళ్లలో కంప్యూటర్, సెట్టింగు అంటూ నన్ను నేను కాస్త కాపాడుకున్నాను. మూడో ఇంట్లో ఒక తండ్రి ఆ అడ్డు కూడా తీసేశాడు.

"జర ఆగన్నా. తంబురా నువ్వే దించినవ్. గది నీదే, మిషిన్ నీదే. ఆమె కలుస్తున్నది అని చెప్పింది. మరి ఇనొద్దా?"

"వినాలి."

"గట్ల చెప్పు. గింతసేపు ఏందేందో చెప్పబడితివి."

ఆ తర్వాతి ఇళ్లలో గట్లనే చెప్పాను.

మళ్లీ క్లాసు మొదలైంది. పిల్లల కోసం వరుసలు ఆమె ఫోన్‌లోనే రికార్డు చేసుకున్నారు. నా గదికి రాలేదు, నేను రమ్మనలేదు. ఆరుగురు పిల్లలు తిరిగొచ్చారు. రాని ఇద్దరిలో ఒకరి కుటుంబం నారపల్లికి మారింది. రెండో పాప ఇంటికి నేను ఇంకోసారి వెళ్లాను. తల్లి మంచినీళ్లిచ్చి మర్యాదగా చెప్పింది: "డ్యాన్సుల చేర్పించినం అన్నా. పాప పాట మర్చిపోయింది."