ఇంక్లైన్ ఎక్కి వచ్చిన అన్న

మొన్న ఖమ్మం దవాఖానాలో గుండె పరీక్షకని నన్ను ట్రెడ్‌మిల్ ఎక్కించారు. చేతి గడియారం తీసెయ్యమంటే, తోడు వచ్చిన మా వదిన చేతిలో పెట్టి లోపలికి వెళ్లాను. కాసేపు బాగానే నడిచాను గానీ, అక్కడున్న నర్సమ్మ "ఇప్పుడు ఇంక్లైన్ పెంచుతున్న తాతా, భయపడకు" అనగానే ఒళ్లంతా చెమట పట్టింది. ఆ పిల్ల అనుకున్నట్టు నా భయం మిషన్‌ను చూసి కాదు, ఆ మాట విని.

బొగ్గు బావుల దగ్గర బతికిన మన తరానికి ఇంక్లైన్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. భూమిలోకి ఏటవాలుగా దిగే దారి పేరు అది. ఆ దారి చుట్టూ వెలసిన క్వార్టర్లకూ, బస్సు ఆగే చోటుకూ అదే పేరు. పెళ్లి సంబంధాల్లో కూడా ఫలానా ఇంక్లైన్ పిల్ల అంటే ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. అది ఇంగ్లీషు మాటని మాలో ఎవరికీ తోచనే లేదు. ఇల్లందు వైపు మా ఇంక్లైన్‌లో అన్న బొగ్గు పనికి దిగేవాడు, నేను పైన లాంప్ రూమ్‌లో కొత్తగా చేరాను. దిగేవాడు తన నంబరు బిళ్ల నాకిచ్చి దీపం తీసుకుంటాడు, ఆ బిళ్లను నేను మేకుకు తగిలిస్తాను. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల పట్టుకుపోతాడు. మేకుకు బిళ్ల ఉందంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టే, అది క్వార్టర్లలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఎండ మండే వేళ కూడా ఆ దారిలోంచి తడి గాలి చల్లగా తగిలేది, ఆ గాలంటే నాకు మొదటినుంచీ భయమే. పైన కూర్చునే పని దొరికిందని దేవుడికి కొబ్బరికాయ కొట్టినవాణ్ని కూడా నేనే.

ఒకనాడు మధ్యాహ్నం, బొగ్గు టబ్బులను పైకి లాగే ఇనుప తాడు తెగింది. టబ్బులు ఆ వాలులో వెనక్కి జారిన చప్పుడు నా బల్లదాకా వచ్చింది, వేళ కాని వేళ సైరన్ మోగింది. వదిన జొన్నపిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి నా కిటికీ దగ్గర నిలబడి అన్న బిళ్ల వైపే చూస్తోంది. ఒక్కొక్కరే పైకొచ్చి దీపాలిస్తుంటే, కంగారులో ఒకరి బిళ్ల ఇంకొకరికి ఇస్తున్నాను. ఇంతలో కాలు నలిగి స్పృహ తప్పిన ఒక మనిషిని మోసుకొచ్చినవాళ్లు అతని టోపీకున్న దీపం తీసి నా ముందు పెట్టారు. నంబరు చూస్తే అది అన్న దీపం. అన్న ఏమయ్యాడో వాళ్లకు తెలియదు.

దీపం వస్తే బిళ్ల తియ్యాలి, అది పద్ధతి. నా చెయ్యి మేకుదాకా పోయింది.

"తియ్యకు" అంది వదిన. "తీస్తే మనిషి పైకొచ్చిండనుకుంటరు. మల్ల ఎవ్వరు ఎతకరు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో తెలియదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ బిళ్లనే చూస్తూ కూర్చున్నాను. అందరికంటే చివర, తలకు దీపం లేకుండా, మసి ముద్దలా అన్న నడిచొచ్చాడు. "వచ్చినవా" అని మాత్రం అంది వదిన. నేను బిళ్ల తీసి ఆమె చేతిలో పెడితే, ఇంటికి పోయేదాకా గుప్పెట విప్పలేదు.

దెబ్బ తగిలినవాడి దీపం పగిలిపోతే, అతను ఎవరి కంటైనా పడతాడని అన్న తన దీపం అతనికి పెట్టి, సాయం కోసం చీకట్లోనే బయలుదేరి దారి తప్పాడట. మరి ఎలా వచ్చావని అడిగితే, "కాలికి ఎక్కుడు తెలుస్తుంటే బయటికే పోతున్నట్టురా తమ్మీ. దిగుడనిపిస్తే ఎనక్కి తిరిగిన" అన్నాడు.

ఇప్పుడా ఇంక్లైన్ మూసేశారు, దారికి గోడ కట్టారు, చుట్టూ తుమ్మలు మొలిచాయి. కండక్టరు మాత్రం ఇంకా ఆ పేరే పిలుస్తాడు, దిగే పిల్లలకు అదొక స్టేజీ, అంతే. అన్న కూడా ముసలితనంలో మంచం మీదే పోయాడు. నాకు మిగిలిన ఎక్కుడు ఈ మిషన్ మీదిదే, ఎంత ఎక్కినా బయటి వెలుగు దగ్గరపడదు. కళ్లు మూసుకుని, కమ్మీ పట్టుకుని, ఆపేదాకా నడిచాను.

తలుపు తీసుకుని వస్తే వదిన బెంచీ మీద కూర్చుని ఉంది.

"వచ్చినవా" అంది.

గడియారం కోసం చెయ్యి చాపాను. బిగించిన గుప్పెట విప్పడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.