బ్యాటరీకి కొట్టిన కొబ్బరికాయ

ఆ జీపు బానెట్ ఎత్తాలంటేనే హనుమంతుకు విసుగొచ్చింది. నెలలో ఇది మూడోసారి. యాభై ఎనిమిదేళ్ల నడుము వంగడానికి ఒప్పుకుంటుంది గానీ, లేవమంటే బతిమాలించుకుంటుంది. తండ్రి మాజ్రి బొగ్గుగనిలో చేసినవాడు. కొడుకు లోపలికి దిగకూడదని చంద్రపూర్‌లో వైరింగ్ పని నేర్పించాడు. గనిలో దిగకపోతేనేం, ముప్ఫై ఏళ్లుగా బండ్ల కింద దూరుతూనే ఉన్నాడు. ఇప్పుడు రోడ్డెక్కుతున్న కొత్త బండ్లు వేరు, వాటి మేస్త్రీలు వేరు. ఇతని దగ్గరికొచ్చేవన్నీ ఇతనిలా అరిగిపోయినవే.

జీపు సరోజది. భర్త రాజం పోయాక, అంజన్నను డ్రైవరుగా పెట్టుకుని గోండ్‌పిప్రికి మనుషులను తిప్పిస్తోంది. నిన్న అడవి మధ్యలో ఆగిపోతే పద్నాలుగు మంది దిగి తోశారట. అందుకే ఇవాళ పొద్దున్నే ఆమే వచ్చి దుకాణం ముందు కూర్చుంది.

"అన్నా, ఇయ్యాల తేలిపోవాలె. ఈ అంజన్ననే వైర్లు వదులు చేస్తుండు. నేను ఇసుగొచ్చి అగ్గువకు అమ్మితే కొనుక్కుందామని."

"కాకా, నా పిల్లల మీదొట్టు, నేను చెయ్యి పెట్టలే," అన్నాడు అంజన్న. నలభై దాటిన మనిషి, చేతులు జోడించాడు.

హనుమంతు తల వంచుకున్నాడు. పోయినసారి తప్పు దొరక్క, ఇంటికి పోయే తొందరలో "ఎవరో చెయ్యి పెట్టినట్టుంది" అన్నది తనే. ఏదో నోటికొచ్చింది, అనేశాడు. ఆ మాట ఇప్పుడు ఒకడి కూటి మీదికి వచ్చింది.

ఈసారి పైపైన గీకి ఊరుకోలేదు. బ్యాటరీని బయటికి తీశాడు. దాని కింది రేకు జిగటగా ఉంది, అంచు వెంట చీమలు బారు కట్టాయి. బ్యాటరీ నుంచి బండి చట్రానికి, అంటే చాసిస్‌కు, పోయే ఎర్త్ వైరు తొడుగును కత్తితో చీల్చాడు. రాగి తీగ ఉండాల్సిన చోట జానెడు పొడుగున ఆకుపచ్చటి చిలుము పిండి రాలింది. పిండిలో కుంకుమ కలిసి ఉంది.

"ఈడ ఏం పోస్తున్నవ్ చెల్లె?"

"కొబ్బరి నీళ్లు. అమాసకు అమాసకు. నువ్వే చెప్పినవ్ కదా."

హనుమంతుకు గుర్తొచ్చింది. పదమూడేళ్ల కింద రాజం ఈ జీపు కొన్నరోజు, నలుగురి ముందు రొమ్ము విరుచుకుని తనే అన్నాడు: "బండికి పానం బ్యాటరీనే. మొక్కితే దీనికి మొక్కు." రాజం బొట్టు పెట్టి రెండు చుక్కల కొబ్బరి నీళ్లు చల్లేవాడు. ఆయన పోయాక సరోజ చిప్పెడు నీళ్లూ పోస్తోంది.

వైరు పాతబడిందని చెబుదామా? పోయినేడు కొత్తది వేసింది తనే. అంజన్న అప్పటికే పని మానేసి సరోజకు అప్పగించడానికి జీపు చాబీని తన రింగు నుంచి తీస్తున్నాడు. కాసేపు నోరు మూసుకుంటే చాలు, తన పేరు నిలుస్తుంది. హనుమంతుకు తన మీద తనకే రోత పుట్టింది.

"అంజన్న తప్పు లేదు చెల్లె. ఆ నీళ్లే వైరును తిన్నయి. మొక్కుమన్నది నేను. తెల్వక కాదు, గొప్పకు అన్న. మొన్న చెయ్యి పెట్టిండ్రన్నది గూడ ఉత్తదే."

సరోజ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఆయన జరంల గూడ ఒక్క అమాస తప్పలే అన్నా. నువ్వు చెప్పినవనే," అంది మెల్లగా.

హనుమంతు చాసిస్‌ను తెల్లగా మెరిసేదాకా గీకి, కొత్త వైరు బిగించి, పైన గ్రీజు పూశాడు. రేకును సోడా కలిపిన వేడినీళ్లతో కడిగాడు. చాబీ తిప్పగానే జీపు స్టార్టయింది.

సరోజ ముందు సీట్లోకి ఎక్కబోయి ఆగింది. సంచిలోంచి ఆ రోజు అమావాస్యకని తెచ్చుకున్న కొబ్బరికాయ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇంటికి తీస్కపో అన్నా. పచ్చడి నూరుకోండ్రి."

తర్వాత అంజన్న వైపు చూడకుండానే, "పా, బండి తియ్యి, గిరాకి పోతది," అంది.

ఇంట్లో భార్య ఐలమ్మ కాయను చూసి ఏ గుడికి పోయొచ్చావని అడిగింది. హనుమంతు దాన్ని ఆమె చేతికిచ్చి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. రాత్రి పచ్చడి బాగా కుదిరిందని ఇంట్లో అందరూ అన్నారు. అతను మాత్రం పచ్చడి ముట్టకుండా మజ్జిగ పోసుకుని తిని లేచాడు.