పది నిమిషాలు కాదు, మూడు గంటలు

వరస గదుల పాత భవనమైన మా చాల్‌లో మెట్లు కూలిన రోజు మూడో అంతస్తులో తొమ్మిది మందిమి చిక్కుకుపోయాం. ఎవరికీ గాయం కాలేదు. అందుకే, ఆ రోజు గురించి విన్నవాళ్లు "అయితే ఏమీ కాలేదన్నమాట" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను.

నాలుగు రోజులుగా వాన. ఉదయం ఎనిమిది నలభైకి, లారీలోంచి ఇటుకలు ఒక్కసారిగా గుమ్మరించినట్టు చప్పుడైంది. వెళ్లి చూస్తే రెండో అంతస్తు నుంచి పైకి వచ్చే మెట్లు లేవు. కింది అంతస్తుల వాళ్లు గల్లీలోకి పరుగెత్తారు. పైన మిగిలింది నేను, మా నానమ్మ, పక్క గదుల తెలుగువాళ్లు ఆరుగురు, చివరి గదిలో అద్దెకుండే మహబూబ్‌నగర్ మేస్త్రి.

నేను సివిల్ డిప్లొమా చదివి ఓ కంపెనీలో సైటు పని చూస్తున్నాను. నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. గ్యాస్ సిలిండర్ల వాల్వులన్నీ మూయించాను. మెయిన్ స్విచ్ ఆపాను. గదుల ముందు వరండాలాంటి గ్యాలరీలో ఒకేచోట ఇద్దరికి మించి నిలబడొద్దన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గ్యాలరీ పొడవునా నడిచి పగుళ్లు కొలిచి, నోట్‌బుక్‌లో రాసుకుని, అందరికీ చదివి వినిపించాను. ఒకటో దూలం దగ్గర మూడు మిల్లీమీటర్లు. మూడో దూలం దగ్గర ఎనిమిది. వాస్తవం తెలిస్తే మనిషి నెమ్మదిస్తాడని నా నమ్మకం.

పక్కింటావిడ ఏడుపు మొదలుపెట్టింది. మేస్త్రి లేచి గ్యాలరీ చివరికి వెళ్లి, కిందికి దిగే మురుగు పైపు వైపు చూశాడు.

నానమ్మ నా చేతిలోని నోట్‌బుక్ మూసింది.

"పగులు ఎంత ఎడల్పుందో చెప్పినవు. దాంతోని మేమేం జెయ్యాల్నో చెప్పినవారా?"



తొమ్మిదిన్నరకి రక్షణ బృందం వచ్చింది. నిచ్చెన బండి ఫాక్‌లాండ్ రోడ్డు మీదే ఆగిపోయింది. మా గల్లీలోకి మలుపు తిరగలేదు. గ్యాలరీకి మామూలు నిచ్చెన ఆనిస్తే గ్యాలరీయే ఊడేట్టుంది. ఈ సంగతులేవీ వాళ్లు మాకు అప్పుడు చెప్పలేదు. కింద ఒక ఆఫీసర్ మైకు పట్టుకుని, "దస్ మినట్, బస్ దస్ మినట్, హిమ్మత్ రఖో" అని ధైర్యం చెప్పాడు.

పది నిమిషాలయ్యాయి. మళ్లీ పది నిమిషాలన్నాడు. మళ్లీ పది. ఆయనకు మా మీద జాలే, అందులో సందేహం లేదు. అయితే మైకు మోగిన ప్రతిసారీ మేస్త్రి ఒక అడుగు పైపు దగ్గరికి జరగడం నేను చూస్తూనే ఉన్నాను. అతని అంగీ చెమటతో తడిసిపోయింది. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. నాలుగోసారి "దస్ మినట్" వినబడగానే ఒక కాలు రెయిలింగ్ అవతల వేశాడు.

"అన్నా, వద్దు."

"ఏ, పోవయ్యా ఇంజనీరు సాబ్. ఎక్కేటోణ్ణి, దిగేటోణ్ణి నేను. ఈడ కూసోబెడితే నా పానం పోయేటట్టుంది. దిగుత."

ఆ పైపు బిగింపులు తుప్పుపట్టాయని నాకు తెలుసు. ఎంత తుప్పో చెప్పబోయి ఆగాను. నా లెక్కలు పొద్దున ఒకసారి ఏం చేశాయో చూశాను.

"నాకంటె నీకే ఎక్కువ తెలుసన్నా. నీ తాపీతో ఒక్కసారి కొట్టి చూడు. ఆగుతదనిపిస్తే దిగు, నేను ఆపను."

అతను నడుముకి దోపుకున్న తాపీ తీసి, వంగి, బిగింపు మీద కొట్టాడు. రేకులు రాలినట్టు తుప్పు పెచ్చులు కిందికి రాలాయి. రెండోసారి కొట్టాడు. చాలాసేపు ఆ చోటే చూశాడు. తర్వాత కాలు వెనక్కి తీసుకుని, గ్యాలరీలో కూలబడి, కోపంగా నా వైపు చూశాడు.

"సరే, దిగ. మరి ఆళ్లనైనా నిజం చెప్పమను. పది నిమిషాల్ల ఏ పని అయితదో నాకు తెల్వదా? నేనేమన్న చిన్నపిల్లగాన్నా?"

కూరగాయలు పైకి లాక్కునే తాడు బుట్ట ప్రతి ఇంటికీ ఉంటుంది. మాది తీసుకొచ్చాను. నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి మరాఠీలో నాలుగు ప్రశ్నలు రాశాను. నిచ్చెన బండి వస్తుందా, రాదా? రాకపోతే ఏం చేస్తున్నారు? ఎన్ని గంటలు? ముందు ఎవరిని దించుతారు? అడుగున, "తెలియకపోతే తెలియదని రాయండి. పది నిమిషాలని మాత్రం రాయొద్దు" అని రాసి, పెన్నుతో సహా బుట్టలో వేసి దించాను.

ఆఫీసర్ చదివి, మైకులో కాకుండా మామూలు గొంతుతో అరిచాడు, మరాఠీలో: "ఇవన్నీ చెబితే పైన గాబరా పడతారు."

"ఇప్పుడు పడట్లేదనుకుంటున్నారా?" అని నేనూ మరాఠీలోనే అరిచాను. "మీరు రాసేదాకా బుట్ట పైకి లాగను."

నానమ్మ నా పక్కకొచ్చి నిలబడింది. ఇద్దరికి మించొద్దన్న నా నియమాన్ని దాటి, మేస్త్రితో కలిపి అక్కడ ముగ్గురమయ్యాం. ఆఫీసర్ ఆమెను చూశాడు, కాగితాన్ని చూశాడు, మోకాలి మీద పెట్టుకుని రాశాడు.

పైకి లాగి గట్టిగా చదివాను. బండి రాదు. గ్యాలరీకి ఆనకుండా విడిగా బొంగులతో పరంజా కడతారు. మూడు గంటలు, ఇంకా ఎక్కువ కావచ్చు. ముందు వృద్ధులు.

పక్కింటావిడ ఏడవలేదు. "మూడు గంటలా? అయితే మోరీ కాడికి పోయొస్త," అని లేచి గదిలోని స్నానాల మూలకి వెళ్లింది. పొద్దుటి నుంచీ ఎలా బిగబట్టుకు కూర్చుందో, పాపం. నానమ్మ అటుకుల డబ్బా తెరిచి అందరికీ పంచింది. మూడు గంటలంటే మేస్త్రికి దాదాపు సగం రోజు పని. పని కొలతలో చెప్పాక అతనికి కాలం మళ్లీ అర్థమైంది. బొంగులు వచ్చాయి, కట్టడం మొదలైంది, అతని కళ్లు వాటి మీద నిలిచాయి.

"ఆ రెండో వరుస ముడి వదులుంది. చెప్పు ఆనికి."

నేను మరాఠీలో అరిచాను. కింద కట్టేవాడు తలెత్తి, "అయితే నువ్వే వచ్చి కట్టు" అన్నాడు. దాన్ని తెలుగులో చెప్పాను.

"వస్తననే కదా పొద్దటిసంది మొత్తుకుంటున్న," అన్నాడు మేస్త్రి. ఆ రోజు మొదటిసారి అందరం నవ్వాం. కిందివాడు ముడి విప్పి మళ్లీ బిగించాడు.

అయినా భయం పోలేదు. రెండో గంటలో అతని చేతులు వణకడం మొదలుపెట్టాయి. "వర్లిల నలభై అంతస్తుల బిల్డింగుకు బయట ప్లాస్టర్ జేసిన, అవ్వా. ఈడ మూడో అంతస్తుల వణుకుతున్న. సిగ్గయితుంది."

"ఆడ నీ కాళ్లు నీ చేతుల ఉండె, బిడ్డా. దిగాల్నంటే దిగుతుంటివి. ఈడ దిగనిస్తలేరు. గందుకే వణుకు. సిగ్గెందుకు? నాకూ వణుకుతుంది, చూడు." నానమ్మ చెయ్యి చాచింది. నిజంగానే వణుకుతోంది. అప్పటిదాకా నేను గమనించలేదు. అన్ని పగుళ్లు కొలిచాను కానీ.

మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. ప్రతి గంటకీ ఆఫీసర్ తనంతట తానే చీటీ పంపాడు. చివరిదాంట్లో "ఆలస్యమైంది, ఇంకో అరగంట" అని ఉంది. దానికి ఎవరూ అరవలేదు. నానమ్మ ముందు దిగింది. మేస్త్రి ఎనిమిదోవాడు, ఒక్కో ముడిని వేలితో నొక్కి చూసుకుంటూ దిగాడు. నేను అతని వెనకే దిగాను.

గల్లీలో ఒక తెలుగు కుర్రాడు ఫోన్‌లో వీడియో తీస్తూ అతని భుజం తట్టాడు. "చూడండి, ధైర్యమంటే ఇదీ. అన్నకి అస్సలు భయం లేదు."

మేస్త్రి ఆ చేతిని భుజం మీద నుంచి తీసేశాడు.

"ఎవడు చెప్పిండు లేదని? భయపడ్డ. పొద్దటిసంది భయపడ్డ. పైపు పట్టుకుని దుంకబోయిన. అన్నీ తెలిసినంకనే ఆగిన. పెట్టుకుంటే గిది పెట్టు నీ వీడియోల, లేకుంటే బంద్ జెయ్."

కుర్రాడు ఫోన్ దించేశాడు. మేస్త్రి కాళ్లు అప్పటికీ వణుకుతున్నాయి. ఎవరి భుజమూ పట్టుకోకుండా, ఆ వణుకు ఎవరి దగ్గరా దాచుకోకుండా, గల్లీ మధ్యలోంచి నడిచి వెళ్లాడు.